త్రాగుడు మాన్పించు చికిత్స: మనము ఏమి ఎదురుచూడవలెను?

(శతాబ్ది మహోత్సవముల సందర్భమున విజయవాడ వన్ టౌన్‌లో జరిగిన కుటుంబ కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొన్న ఈ సంతోష సమయమున పెద్దలు మాకు ఒక అంశము నిచ్చి మాట్లాడుమన్నారు. మందిరములను, పాఠశాలలను, ఆసుపత్రులను కట్టిన మన పితరుల చరిత్రను ఇతరులు చక్కగా చెప్పియున్నారు. మాకు అప్పగింపబడినది అంత ముచ్చటైన విషయము కాదు. అది మన యిండ్లలోని త్రాగుడు. అయితే త్రాగుడు పాపమని బోధించుటకు మేము ఇక్కడ నిలువబడలేదు. అది మీరందరు సండే స్కూలు నాటి నుండి విన్నదే. త్రాగుడునకు బానిసయైన మనిషిని చికిత్సకు తీసికొని వెళ్లినప్పుడు ఏమి జరుగును, ఎన్ని దినములు పట్టును, ఏది ఆశింపవచ్చును, ఏది ఆశింపరాదు అను సంగతులు మాత్రమే చెప్పదలచితిమి. ఎందుకనగా ఈ సంగతులు మాకు తెలియకపోవుటచేత మా చేతుల మీదనే ఒక ప్రాణము పోవలసి యుండెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మన సంఘములో ఒక సహోదరుడు ఉండెను. ఆయన మార్కెట్టులో మూటలు మోయు హమాలీ. కొండమీద, మెట్ల దారిలో చాలా ఎత్తున ఆయన యిల్లు. ప్రతి దినము ఉదయము మొదలుకొని త్రాగువాడు. డిసెంబరు 31వ తేది వాచ్‌నైట్ ఆరాధనకు భార్య ఆయనను ఎట్లో తీసికొని వచ్చినది. ముందు రోజు రాత్రి నుండి త్రాగలేదని చెప్పినది. మేము సంతోషించి, ఆయనను బల్లయొద్దకు పిలిచి, బైబిలు మీద చెయ్యి వేయించి, ఇక ఎన్నడును త్రాగనని ప్రతిజ్ఞ చేయించితిమి. ఆ చెయ్యి గడగడ వణకుచుండెను. సంఘమంతయు అది పశ్చాత్తాపమని తలంచినది. మేమును అట్లే తలంచితిమి.

మరునాడు నూతన సంవత్సర ఆరాధన ముగిసిన తరువాత ఆయనకు మెట్లమీదనే మూర్ఛ వచ్చినది. నలుగురు యౌవనస్థులు ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి, ఆ ఇరుకు మెట్ల మీదుగా రోడ్డు వరకు మోసికొని వచ్చి, ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చిరి. రెండవ తేది రాత్రి ఆయన గోడమీద ఎలుకలు ప్రాకుచున్నవనియు, మూటలు మీద పడుచున్నవనియు కేకలు వేసెను. దయ్యము పట్టినది, వచ్చి వెళ్లగొట్టుడని మాకు కబురు వచ్చినది. మేము బైబిలు పట్టుకొని వెళ్లితిమి. అక్కడి డాక్టరుగారు మమ్మును ప్రక్కకు పిలిచి, ఇది త్రాగుడు హఠాత్తుగా ఆపినందువలన వచ్చిన రోగమనియు, ప్రార్థన చేసికొనవచ్చును గాని మందులు ఆపించవద్దనియు మర్యాదగానే చెప్పిరి. అయిదవ నాటికి ఆయనకు తెలివి కుదిరినది. తరువాత ఆయన భార్య మాతో అన్న మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది. "అయ్యగారూ, మీరు మానమన్నారు, ఆయన మానాడు. మానితే ఏమవుద్దో మీరూ చెప్పలేదు, మాకూ తెలీదు."

ఆ దినమున మేము చెప్పవలసియుండి చెప్పలేకపోయిన మాటలే ఈ దినము చెప్పుచున్నాము.

మొదట శరీరమును గూర్చి. ఏండ్ల తరబడి ప్రతి దినము అధికముగా త్రాగువాని మెదడు ఆ మత్తునకు అలవాటుపడి, దానికి ఎదురుగా ఎప్పుడును ఉద్రేకముతో పనిచేయుచుండును. మత్తు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఆ ఉద్రేకము మాత్రము మిగులును. కడసారి త్రాగిన ఆరు గంటలు మొదలుకొని ఒక దినములోగా చేతుల వణకు, చెమట, వాంతి, గుండెదడ, నిద్రపట్టకపోవుట కనబడును. మొదటి రెండు దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. రెండవ దినము నుండి నాలుగవ దినము లోపల కొందరికి మతి చలించి, లేనివి కనబడుట, వినబడుట, జ్వరము కలుగును. ఈ చివరిదానికి చికిత్స లేకపోయినయెడల ప్రాణము పోవచ్చును. ఈ విధముగా దయ్యము పట్టినట్లు కనబడువారిని మన యొద్దకు తెచ్చినప్పుడు, ఎప్పుడు త్రాగుట మానినాడని మొట్టమొదట అడుగవలెను. అందరికిని ఇట్లు జరుగదు. కొద్దిగా త్రాగువారు కష్టము లేకుండ మానగలరు. అయితే ఉదయము లేవగానే త్రాగనిదే చెయ్యి నిలువని మనిషిని, మునుపు మూర్ఛ వచ్చిన మనిషిని డాక్టరు సలహా లేకుండ ఒక్క దినములో మానుమని చెప్పరాదు. అది భక్తి కాదు, అజాగ్రత్త.

దేశమంతయు ఈ సంగతిని 2020లో కన్నులార చూచినది. ఆ సంవత్సరము మార్చి 25న లాక్‌డౌన్ మొదలై దుకాణములు మూతపడిన కొద్ది దినములకే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణకుతోను, మూర్ఛలతోను, మతిభ్రమతోను జనము వెల్లువగా వచ్చిరి. వారిలో కల్తీ కల్లు త్రాగి, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడినవారు అనేకులు. అదే సంవత్సరము జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యము దొరకక శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వారు మొండివారై మరణించలేదు. శరీరము అడుగుచుండగా ఆపుకొనలేక, సహాయము ఎక్కడ దొరుకునో తెలియక మరణించిరి.

మన రాష్ట్రములో స్త్రీలు సారాపై చేసిన పోరాటము లోకమునకు తెలియును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన ఉద్యమము జిల్లా జిల్లాకు ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చి, 1997లో సడలింపబడినది. ఆ తల్లుల ధైర్యమునకు మనము వందనము చేయుదుము. అయితే దుకాణము మూయుట వేరు, రోగిని బాగుచేయుట వేరు. చట్టము దుకాణము తలుపు వేయగలదు గాని, అప్పటికే లోపల పడిన మనిషి చెయ్యి పట్టుకొని లేపలేదు. కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము మన దేశములో 5 కోట్ల 70 లక్షలమందికి త్రాగుడు విషయములో సహాయము అవసరము. త్రాగుడునకు బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పినవారు 38 మందిలో ఒక్కరే.

ఇక ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏమి జరుగును? డాక్టరు మొదట ప్రశ్నలు అడుగును. ఎంత త్రాగుచున్నావు, ఎన్నాళ్ల నుండి, కడసారి ఎప్పుడు, మూర్ఛలు వచ్చినవా, మరి ఏ మాత్రలైనను మ్రింగుచున్నావా అని. ఇక్కడ పరువునకై అబద్ధమాడవద్దు. రోజుకు నాలుగు క్వార్టర్లు త్రాగువాడు ఒకటే అని చెప్పినయెడల మందు చాలక మూర్ఛ వచ్చును. తరువాత రక్తపరీక్షలు, కాలేయపు పరీక్ష, చక్కెర పరీక్ష చేయుదురు. మూర్ఛలు రాకుండ కొన్ని మాత్రలు ఇచ్చి, వాటిని దినదినము తగ్గించుచు సుమారు వారము, పది దినములలో ఆపుదురు. "ఒక మత్తు తీసి ఇంకొక మత్తు అలవాటు చేస్తున్నారండీ" అని కొందరు భయపడుదురు. డాక్టరు చెప్పినట్లు తగ్గించి ఆపినయెడల భయము లేదు. సొంతముగా మందుల షాపులో కొని నెలల తరబడి మ్రింగినయెడల మాత్రము ఆ భయము నిజమే.

మరియొక సంగతి. మన పేటలలో మనిషి నీరసపడగానే ఆరెంపీ డాక్టరుతో గ్లూకోజు సీసా పెట్టించుట వాడుక. త్రాగుబోతు శరీరములో బి1 విటమిను చాల తక్కువగా ఉండును. అది ఇవ్వకుండ గ్లూకోజు ఎక్కించినయెడల మెదడు దెబ్బతిని, నడక తప్పి, జ్ఞాపకశక్తి పోవచ్చును. గనుక ఆసుపత్రిలో మొదట ఆ విటమిను సూది వేయుదురు. గ్లూకోజు పెట్టించు ముందు ఈయన త్రాగువాడని చెప్పుట ఇంటివారి బాధ్యత.

ఈ వారము దినములు గడిచిన తరువాత మనిషి ముఖము తేటపడును, ఆకలి వేయును, మనుమలను పలుకరించును. ఇంటివారు "బాగైపోయాడండీ" అని ఇంటికి తీసికొని వచ్చెదరు. సహోదరులారా, ఇక్కడనే అందరము పొరపాటు పడుచున్నాము. విషము శరీరము నుండి దిగినది, అంతే. నిజమైన చికిత్స అప్పుడే మొదలగును. సాధారణముగా కేంద్రములలో సుమారు ఒక నెల ఉంచుదురు. ఉదయము లేచుట, స్నానము, ఫలహారము, అందరును కలిసి కూర్చుండి మాట్లాడుకొనుట, ఒంటరిగా సలహాదారుతో మాట్లాడుట, కుటుంబముతో కూర్చుండుట, ఇట్లు దినమునకు ఒక క్రమము ఉండును. ఏ సమయమున త్రాగవలెనని అనిపించును, ఎవరితో ఉన్నప్పుడు, జీతము దినమా, తగవు దినమా, చావు ఇంటికి వెళ్లిన దినమా, ఆ సమయమున ఏమి చేయవలెను, ఇవి నేర్పుదురు. తరువాత ఇంటికి వచ్చియు నెలల తరబడి, కనీసము ఒక సంవత్సరము డాక్టరును చూచుచుండవలెను.

త్రాగవలెనను ఆశను తగ్గించు మందులు కూడ ఉన్నవి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనునవి అట్టివి. ఏది ఎవరికి తగునో కాలేయమును, మూత్రపిండములను చూచి డాక్టరు నిర్ణయించును. మరియొకటి డైసల్ఫిరామ్. త్రాగుడును మాన్పుటకు అది పనికివచ్చునని 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ మాత్ర వేసికొన్న మనిషి మద్యము ముట్టినయెడల ముఖము ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపు పోటు పడిపోవును. మాత్ర ఆపిన తరువాతను సుమారు రెండు వారముల వరకు ఈ ప్రమాదమున్నది. ఆ భయమే మనిషిని కాపాడును. అయితే ఆ భయము పనిచేయవలెనన్న మాత్ర వేసికొన్నట్లు అతనికి తెలియవలెను గదా! మన తల్లులలో కొందరు దీనిని కూరలోను, మజ్జిగలోను తెలియకుండ కలుపుచున్నారు. మీ బాధ మేమెరుగుదుము. అయినను అట్లు చేయవద్దని చేతులెత్తి వేడుకొనుచున్నాము. ఏమియు ఎరుగని మనిషి ఎప్పటివలె సీసా ఎత్తినయెడల ప్రాణమునకే ముప్పు. పేపరులో ప్రకటన చూచి తెచ్చిన పొడుముల సంగతి చెప్పనే అక్కరలేదు. వాటిలో ఏమున్నదో ఎవరికిని తెలియదు.

చికిత్స పేరుతో మనిషిని గొలుసులతో కట్టి, కొట్టి, గదిలో మూయు చోట్లు కొన్ని ఉన్నవి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. తీసికొని వెళ్లు ముందు ఆ కేంద్రమునకు లైసెన్సు ఉన్నదా, డాక్టరు దినదినము వచ్చునా, మూర్ఛ వచ్చినయెడల ఏ ఆసుపత్రికి పంపుదురు, కుటుంబమును చూడనిచ్చెదరా అని అడుగుడి. జవాబు చెప్పక మొదట డబ్బు అడిగినయెడల వెనుకకు రండి. మనము డబ్బు కట్టలేమని దిగులుపడవద్దు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. ఎక్కడికి వెళ్లవలెనో తెలియనివారు 14446 అను ఉచిత జాతీయ టెలిఫోను నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును.

ఈ మధ్య మన యౌవనస్థులలో గంజాయి కూడ ప్రవేశించినది. దానికి ఆశను చంపు ప్రత్యేకమైన మాత్ర లేదు. సలహా, క్రమము, స్నేహితుల మార్పు, ఇంటివారి ఓపిక, ఇవే మందు. నిద్ర పట్టకపోవుట, చిరాకు కొన్ని వారములుండును. ఆసుపత్రికి తీసికొని వెళ్లినయెడల పోలీసులు పట్టుకొందురని తల్లిదండ్రులు దాచిపెట్టుచున్నారు. మత్తుపదార్థముల నిరోధమునకై 1985లో చేసిన చట్టములోనే, కొద్ది పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్సకు ఒప్పుకొన్నయెడల శిక్షనుండి మినహాయింపునకు దారి ఉన్నది. గనుక దాచవద్దు.

ఇప్పుడు చాల కష్టమైన మాట. చికిత్స పొందినవారిలో అనేకులు మొదటి సంవత్సరములోనే మరల త్రాగుదురు. ఇది విని మీరు నిరాశపడవద్దు. చక్కెర వ్యాధిగలవాడు పండుగనాడు మిఠాయి తిని ఆసుపత్రి పాలైనయెడల, "ఇక నీకు మందు లేదు పో" అని ఎవరైనను అందురా? మరల పడుట చికిత్స వ్యర్థమైనదనుటకు గుర్తు కాదు, చికిత్సను సరిచూడవలెననుటకు గుర్తు. మేము చెప్పిన ఆ సహోదరుడు ఈస్టరు పండుగకు మరల త్రాగెను. ఆ ఆదివారము సంఘములో కొందరు ఆయన ముఖము చూడలేదు. బైబిలు మీద చెయ్యి వేసి మాట తప్పినాడని అనిరి. ఆయన ఆరు వారములు మందిరమునకు రాలేదు. అప్పుడు మాకు అర్థమైనది, మేము చేయించిన ప్రతిజ్ఞ ఆయనను సీసాకు దూరము చేయలేదు గాని దేవుని బల్లకు దూరము చేసినదని. అప్పటినుండి మేము ఎవరిచేతను జీవితకాలపు ప్రతిజ్ఞ చేయించుట లేదు. ఈ దినము త్రాగకుండుటకు కృప దయచేయుమని మాత్రమే కలిసి ప్రార్థించుదుము. రేపు వచ్చినప్పుడు రేపు ప్రార్థించుదుము.

1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరినొకరు ఆదుకొనుటతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము మొదలైనది. అది 1957 నాటికి మన దేశమునకు వచ్చినది. అందులో ఉపన్యాసములు లేవు, రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు. త్రాగి మానినవాడు, మానవలెననుకొనువానితో తన సంగతి చెప్పును. ఒక్కొక్క దినమే లెక్క. సంఘము అట్టి కూడికకు ఒక గది ఇచ్చి, తాళపుచెవి వారి చేతనే ఉంచి, ఎవరు వచ్చిరో తొంగిచూడకుండుట గొప్ప పరిచర్య.

ఇంటిలోనివారికి కొన్ని మాటలు. త్రాగుడు మానిన మనిషి వెంటనే మంచివాడైపోవునని ఎదురుచూడవద్దు. కొన్ని నెలలు నిద్ర సరిగా ఉండదు, కోపము వచ్చును, తీపి మీద ఆశ పుట్టును, చేసిన అప్పులన్నియు ఒక్కసారి కన్నులకు కనబడును. ఇన్నాళ్లు ఇల్లు నడిపిన భార్య చేతిలోనుండి వెంటనే పెత్తనము లాగికొనబోవును. భార్యయు ఏండ్ల తరబడి మ్రింగుకొన్న దుఃఖమును అప్పుడే బయటపెట్టును. ఇది సహజము. గనుక చికిత్స ఆమెకు కూడ కావలెను. అమ్మలారా, ఆయన త్రాగుట మీ వంటవలన కాదు, మీ మాటవలన కాదు, మీ ప్రార్థన చాలక కాదు. ఆ నిందను ఇక మోయవద్దు. ఆయన చెయ్యెత్తి కొట్టిన దినమున, సహించుము అని మేము చెప్పము. పిల్లలను తీసికొని క్షేమమైన చోటికి వెళ్లుడి, మా తలుపు కొట్టుడి. రోగముపట్ల జాలి వేరు, దెబ్బలకు ఒప్పుకొనుట వేరు.

చివరగా సంఘము చేయగల పనులు. ప్రభురాత్రి భోజనమందు మానినవాని పెదవికి మరల మద్యపు రుచి తగులకుండునట్లు పులియని ద్రాక్షరసమునే వాడుదము. నెల దినములు మానగానే వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించవద్దు. ఆ చప్పట్లు ఆయన మోయలేడు. చావు ఇండ్లలోను, పెండ్లిండ్లలోను "ఈ ఒక్కసారికి" అని గ్లాసు అందించు మన చుట్టములను మనమే ఆపుదము. ఆయన ఆసుపత్రిలో ఉన్న నెల దినములు ఇంటికి కూలి డబ్బు రాదు. స్త్రీల మైత్రి బియ్యము, పప్పు చేర్చినయెడల ఆమె ఆయనను మధ్యలో ఇంటికి పిలిపించుకొనదు. ఆసుపత్రికి మరల వెళ్లవలసిన దినమున యౌవనస్థులలో ఒకడు తోడు వెళ్లవలెను.

పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసికొని వచ్చి, జనసమూహము అడ్డముగా ఉన్నందున ఇంటి కప్పు విప్పి ప్రభువు ఎదుట దింపిన సంగతి మీరెరుగుదురు. ప్రభువు ఆ మోసినవారి విశ్వాసమును చూచెనని సువార్త చెప్పుచున్నది. ఆ నూతన సంవత్సర దినమున మన నలుగురు యౌవనస్థులు కొండ మెట్లమీద కుర్చీ మోసినప్పుడు, మేము వెనుక బైబిలు పట్టుకొని నడిచితిమి. మోసినవారు వారు. ఆ సహోదరుడు ఈస్టరు తరువాత రెండవసారి చికిత్సకు వెళ్లినప్పుడు కూడ వారే తోడు వెళ్లిరి. ఇప్పుడు ఆయన మూడవ సంవత్సరములో ఉన్నాడు. ప్రతి ఆదివారము వెనుక వరుసలో కూర్చుండును. ఇంకను అప్పుడప్పుడు భయముగానే ఉన్నదని మాతో చెప్పును. మాకును భయమే. అయితే మేము ఇప్పుడు ఆయన చేతులవైపు చూచి, వణకుచున్నవా అని ముందు అడుగుట నేర్చుకొన్నాము.

రెండవ నూరేండ్లలోనికి అడుగుపెట్టుచున్న మన అధ్యక్ష మండలములో ప్రతి సంఘమునందును అట్టి నలుగురు లేచునట్లు దేవుడు కృప చూపును గాక. ఆమేన్.